రెండు రూపాయల మెసేజ్

సిరిసిల్లలో మరమగ్గాలు ఆడే ఒక వీధి మూల మీద చిన్న కిరాణా దుకాణం. మార్చి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. బల్లకు అవతల దుకాణం నడిపే శంకరవ్వ. ఇవతల, మల్యాల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన రాజం, రిటైరైన బస్సు కండక్టరు.

“రెండు రూపాయల అగ్గిపెట్టెకు కార్డు గీకుతరా మీ దుకాణంల?”

“గీకుతం.”

“రెండు రూపాయలకు?”

“మిషన్ పెట్టిచ్చుకున్నంక రెండైతేంది, రెండు వేలైతేంది. నీకు అగ్గిపెట్టె కావాల్నా?”

“వద్దు.”

“మరి?”

“ఊకె అడుగుతున్న.”

“ఎండల నిలవడి ఊకె అడిగేటోడు ఎవడుంటడన్నా? ఏ ఊరు మీది?”

“మల్యాల. కార్డు గీకితె మీకు బ్యాంకోళ్లు కోసుకుంటరట గద?”

“కోసుకుంటరు. మిషన్ కిరాయి వేరె.”

“మరి చిల్లర తెచ్చుకో అనాలె. నేను ముప్పై ఒక్క ఏండ్లు బస్సుల కండక్టర్ చేసిన. చిల్లర తేనోన్ని దిగుమన్న.”

“నిజంగ దించినవా?”

“దించలే. అన్న, గంతే.”

“దుకాణంల ఎవలను దించాలె నేను? అయినా ఇప్పుడు అందరు ఫోన్‌తోటి స్కాన్ చేస్తరు. కార్డు గీకేటోళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో.”

“దినాం గీకేటోళ్లు ఒకలున్నరు.”

“నీకెట్ల ఎరుక?”

“ఎరుక.”

“అదే, ఎట్ల ఎరుక?”

“నా ఫోన్‌కు మెసేజ్ అస్తది.”

“ఏది, చూపెట్టు.”

“ఇగో. ఇంగ్లీషుల ఉన్నది. పేరు సగం మింగిండ్రు గని, శంకరవ్వ కిరాణ, సిరిసిల్ల. మీదే గద? రెండు రూపాయలు. ఇది పదకొండు. ఇది ఇరువై. ఇది మల్ల రెండు.”

“అన్ని దాచుకున్నవు.”

“డిలీట్ చేసుడు రాదు నాకు.”

“గట్లనా. కార్డు ఎవలది?”

“నా బిడ్డది. మనీషా. జగిత్యాలల డిగ్రీ చదివేటప్పుడు దాని పేరు మీద ఖాతా తీపిచ్చిన, నంబరు నాది పెట్టిన. పైసలు ఎటు పోతయో ఎరుకుండాలె గద.”

“ఎటు పోయినయి?”

“పైసలు ఎటు పోలే. అదే పోయింది.”

“ఏడికి?”

“గీడికే. మీ సిరిసిల్లకే. సతీశ్ అని ఒకడు, మగ్గాలు రిపేరు చేస్తడట. మనోళ్లు కాదు, వద్దన్న. గుడిల పెండ్లి చేసుకొని ఫోన్ చేసింది. నా ఇంటికి రాకు, నాకు ఫోన్ చెయ్యకు అన్న.”

“చేసిందా?”

“చెయ్యలే. మాట మీద ఉండే పిల్ల. వారం దినాలకు గీ మెసేజ్ అచ్చింది. రెండు రూపాయలు.”

“ఏమనుకున్నవు?”

“అగ్గిపెట్టె కొన్నదనుకున్న.”

“గంతేనా?”

“గంతే. గ్యాస్ పొయ్యి ఉంటది గద, అగ్గిపెట్టె ఎందుకు అనుకున్న. లైటర్ పాడైందేమో అనుకున్న. కరెంటు పోయిందేమో అనుకున్న. ఆ దినమంత గదే అనుకున్న.”

“కోపం ఉంటె కార్డు బంద్ పెట్టియ్యకపోయినవు?”

“మర్చిపోయిన.”

“పద్నాలుగు నెలలాయె గద పెండ్లి... నువ్వు చెప్పిన లెక్కల.”

“నేను లెక్క చెప్పలే.”

“మెసేజ్ మీద తారీకు ఉన్నదన్నా. పద్నాలుగు నెలలు మర్చిపోతవా?”

“బ్యాంకుల లైను ఉంటది.”

“దినాం గీకితె ఖాతా ఎన్నడో ఖాళీ కావాలె.”

“ఒకటో తారీకు రెండు వేలు పడ్తయి.”

“ఎవలేస్తరు?”

“పడ్తయి.”

“అదే, ఎవలు...”

“పింఛన్ కోసం బ్యాంకుకు పోతం గద, అప్పుడు పడ్తయి. గదంతా ఎందుకు ఇప్పుడు?”

“లైను ఉంటదంటివి.”

“ఒకటో తారీకు ఉండది.”

“సరే. ఇప్పుడు నీకేం కావాలె? కార్డు గీకనియ్యద్దని చెప్పనీకి అచ్చినవా?”

“ఆఁ. గదే. చిన్న చిన్న సామాన్లకు నగదు ఇచ్చి కొనుక్కోవాలె గని, కార్డు గీకుడేంది అని చెప్పనీకి.”

“చెప్త. ఇగ పోతవా?”

“పోత.”

“నాలుగింటికి బస్సు.”

“ఎరుక. చెల్లె...”

“చెప్పు.”

“పదకొండు దినాలాయె, మెసేజ్ రాక.”

“ఫోన్ ఖరాబైందేమో.”

“కోరుట్లల మా అక్క కొడుకు ఫోన్ల దుకాణం పెట్టిండు. వానికి చూపెట్టిన. కొత్తది కొనుమన్నడు గని, ఇది మంచిగనే ఉన్నదన్నడు. ఎందుకైన మంచిదని పక్కింటి శ్యాంసుందర్‌తోటి నాకు ఒక మెసేజ్ పెట్టిచ్చిన. అచ్చింది.”

“ఏమని పెట్టిండు?”

“మెసేజ్ అని పెట్టిండు. మూడు దినాలు చూసిన, జొరమేమో అనుకున్న. ఆరో దినం, ఏదన్న ఊరికి పోయిండ్రేమో అనుకున్న. తొమ్మిదో దినం ఏం అనుకోలే. బువ్వ తినబుద్ది కాలే. ఇయ్యాల పొద్దున బస్సెక్కిన.”

“కూసో అన్నా. గా బియ్యం బస్తా మీద కూసో. నీళ్లు తాగు.”

“నిలవడత. అలవాటే నాకు.”

“నీళ్లన్న తాగు.”

“తాగుత. ఏం కొంటుండె నా బిడ్డ నీ దుకాణంల?”

“ఏముంటది... సబ్బు. అగ్గిపెట్టె. ఉప్పు బఠానీలు. నడుమ కొన్ని నెలలు చింతపండే ఎక్కువ పోయింది.”

“చింతపండు ఎందుకు?”

“ఆడపిల్ల చింతపండు ఎందుకు తింటదన్నా?”

“పులుసు పెట్టనీకి.”

“సరే. పులుసు పెట్టనీకె.”

“పులుసుకు కాదా?”

“నెలలు నిండేదాంక పులుసే పెట్టింది. పదకొండు దినాల కింద ఆడపిల్ల పుట్టింది.”

“ఎవలకు?”

“పులుసుకు.”

“చెల్లె, నవ్వులాట కాదు.”

“నేను నవ్వుతలేను. మనీషాకు పుట్టింది. ఆపరేషన్ అయింది. ఇద్దరు మంచిగున్నరు.”

“ఇద్దరు?”

“ఇద్దరు. నీళ్లు ఒలుకుతున్నయి, చెంబు కింద పెట్టు.”

“పిల్ల ఎంత తూగింది?”

“రెండు కిలోల ఎనిమిది వందలు.”

“తక్కువనా?”

“తక్కువ కాదు. సరిపోయేటంత ఉన్నది.”

“మరి... మరి కార్డు ఎందుకు గీకలే?”

“సర్కారు దవాఖానల ఏం గీకుతరన్నా? ఆపరేషన్ ఊకెనే. మందులు ఊకెనే. పైసలు పెట్టి కొననీకి అండ్ల ఏం లేదు.”

“ఆఁ. నిజమే. నాకు గది తట్టలే. తోడు ఎవలున్నరు? దానికి తల్లి లేదు. పదో తరగతిల ఉండంగనే పోయింది.”

“అత్త ఉన్నది.”

“అత్తనా?”

“ఏమాయె?”

“ఆమె సంగతి ఇన్న. మంచిది కాదట.”

“ఎవలన్నరు?”

“మా ఊరోడు పరశురాములు. మీ దిక్కే మగ్గాల కాడ పని చేసిపోయిండు. గా సతీశ్ తల్లికి పెద్ద నోరట. వీధి మొత్తం ఇనవడుతదట.”

“నోరు పెద్దదే. గది నిజం.”

“నీకు ఎరుకనా ఆమె?”

“బాగ ఎరుక.”

“నా బిడ్డను కొడుతదా?”

“కొట్టది.”

“తిడుతదా?”

“తిడుతది.”

“ఎందుకు తిడుతది?”

“సగం తిని పళ్లెం ముంగట నుంచి లేస్తె తిడుతది. నీళ్ల బిందె లేపితె తిడుతది. ఎనిమిదో నెల పడ్డంక కొడుకు ఆమెను బండి మీద ఎక్కిచ్చుకొని పోతుంటె, నడి బజార్ల నిలవెట్టి తిట్టింది. పరశురాములు ఇన్నది గదే కావచ్చు.”

“గట్లనా.”

“గట్లనే. దవాఖానల గూడ ఆమెనే ఉన్నది. మొన్న ఇంటికి తోలుకచ్చేదాంక మంచం ఇడిసి పెట్టలే. దుకాణం బంద్ పెట్టుకొని మరి.”

“ఆమెకు గూడ దుకాణం ఉన్నదా?”

“ఉన్నది. ఇందాకనే మల్ల తెరిచింది.”

“ఏడ?”

“గీడ.”

“గీడ అంటె?”

“నువ్వు మోచేతులు పెట్టిన బల్ల ఆమెదే అన్నా. నీతోటి మాట్లాడుతున్న నోరు గూడ ఆమెదే. నీళ్లు తాగు.”

“చెల్లె, నేను... పరశురాములు చెప్పంగ ఇన్న గని...”

“వాడు సిగరెట్లు అడిగితె, దగ్గు తగ్గినంక రా అన్న. వానికి గదే కోపం.”

“నన్ను ఎప్పుడు గుర్తు పట్టినవు?”

“రెండు రూపాయలు అన్నప్పుడే. గీకితె మా నాయినకు మెసేజ్ పోతదని మనీషా ఎన్నడో చెప్పింది. ముక్కు గూడ మనీషా ముక్కే.”

“దాని ముక్కు వాళ్ల అమ్మ ముక్కు.”

“కాదు. నీదే.”

“మరి సొంత కోడలు తిన్న చింతపండుకు పైసలు తీసుకుంటివా?”

“తీసుకున్న. గవ్విటితోటే ఉయ్యాల కొన్న. నీ పైసలే అనుకో.”

“నావి కాదు. పడ్తయి అవి.”

“సరే, పడ్డ పైసలతోటే కొన్న.”

“ఇల్లు ఏడ మీది?”

“గా తలుపు అవుతల. ఇద్దరు పండుకున్నరు. లేపాల్నా?”

“వద్దు. వద్దు, లేపకు. బాలింత. పండుకోని.”

“లేచేదాంక కూసో మరి.”

“నాలుగింటికి బస్సు అంటివి.”

“ఐదున్నరకు ఇంకోటున్నది.”

“నేనే గద రావద్దన్నది. ఇప్పుడు నేనే లోపటికి ఎట్ల పోవాలె?”

“కాళ్లతోటి.”

“నీకు చెప్తె అర్థం కాదు చెల్లె. అవసరం గూడ లేదు. మేమిద్దరం మాట్లాడుకుంటనే ఉన్నం. పొద్దున తొమ్మిదిన్నర అయితె ఫోన్ మోగుతది. నేను చాయ్ పెట్టుకొని ఫోన్ ముంగట పెట్టుకుంట. మోగినంక తాగుత. నా మీద కోపం ఉంటె అది దినాం గుర్తు పెట్టుకొని గీకుతదా? చెప్పు నువ్వు.”

“నేనేం చెప్పాలె.”

“గీకది. అంటె దానికి కోపం లేదు. నాకు గూడ లేదు. ఇద్దరికి ఎరుకే. ఎదురు వడితె మల్ల పాత మాటలు లేస్తయి. ఏడుపులు, గింత లొల్లి. ఇట్లనే మంచిగున్నది.”

“మనుమరాలిని చూడవా?”

“చూస్త. ఎందుకు చూడ? కొంచెం పెద్దగయినంక చూస్త. నువ్వు ఒక్క పని చెయ్యి. నేను అచ్చిన్నని చెప్పకు. మల్ల గీకుడు షురూ చెయ్యమను, గంతే. రెండు రూపాయలైన సరే. మంచిగుంటె రెండు, ఒంట్లె బాగ లేకుంటె ఐదు. గట్ల పెట్టుకుంటె నాకు ఎరుకైతది.”

“బతుకమ్మకు ఎందుకు పిలవకపోయినవు?”

“ఏంది?”

“పెండ్లయినంక మొదటి బతుకమ్మ. ప్రతి ఆడపిల్ల తల్లిగారింటికి పోయింది గీ వీధిల. నీ బిడ్డను ఎందుకు పిలవలే?”

“పిలుద్దామనే అనుకున్న. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఫోన్ చేతిల పట్టుకున్న గూడ. కొంచెం ఆగి చేద్దామనుకున్న. పొద్దు గూకేటాల్లకు మెసేజ్ అచ్చింది. నలభై రూపాయలు. పూలు కొన్నది, మంచిగ ఆడుకుంటున్నది, ఇగ నేనెందుకు అనుకున్న.”

“నా దుకాణంల పూలు అమ్మనన్నా. పొద్దుగూకేదాంక నీ ఫోన్ కోసం గడప మీదనే కూసున్నది. ఇగ మా నాయినకు నేను లేనట్టే అన్నది. లోపటికి పోయి కార్డు చెత్తబుట్టల ఏసింది. గా నలభై, గా దినం సంది నీకు అచ్చిన ప్రతి మెసేజ్, గా కార్డు ఏరుకచ్చి నేను గీకిందే.”