నల్లగౌనూ కొత్త తువ్వాలూ

వకీళ్ల నల్లగౌన్లు ఉతికే పని ఎవరికివ్వాలో తేల్చడానికి కోర్టు గుమాస్తా పైలీ, మా కొచ్చి చాకిరేవు పక్కన పాత్తుమ్మ టీకొట్టులో కూర్చున్నాడు. వానలకు పనుల్లేక పస్తులకు దగ్గరపడ్డ మా శుడలైముత్తుకు ఆ పని కావాలి. పరీక్షకిచ్చిన గౌను శుభ్రంగా ఉతికి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దమనిషి ముందు గౌరవంగా ఉంటుందని కొత్త తెల్లతువ్వాలు భుజాన వేసుకుని మరీ వచ్చాడు.

"పైలీ చేట్టా, నల్లబట్టకి నూగు అంటకుండా చూడ్డం మా అమ్మ నేర్పిన విద్య. తెల్లవాటితో కలపకూడదు, తిరగేసి ఉతకాలి, ఆరాక తడి అరచేత్తో ఒకేవైపుకి నిమరాలి. అలాగే ఓ ముసలి వకీలు గౌను చేసిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అని శుడలై తువ్వాలు దులిపి రెండో భుజాన వేసుకున్నాడు.

"చెప్పు, విందాం," అంది పాత్తుమ్మ గ్లాసులు కడుగుతూ.

"ఆయన కోర్టులో నిలబడితే, తమ పెద్దాయనే వచ్చాడనుకుని కాకులన్నీ కిటికీల్లో కొలువుదీరాయి. మర్నాడు పది గౌన్లు చేశాను. ఆ పదిమందీ లోపలికెళ్లేసరికి పట్టపగలే చీకటి పడిపోయి, జడ్జిగారు లాంతరు పెట్టుకుని తీర్పు చదివారు."

"ఆ లాంతరు పట్టుకుంది నువ్వేనా?" అన్నాను నేను.

"నాకు తీరికెక్కడిది? తీసిన నూగు మూటలు కడుతున్నా. వీధి వీధంతా పరుపులు కుట్టించుకోగా మిగిలింది సముద్రం మీద ఎగరేస్తే, అదే మబ్బై కూర్చుంది. ఈ ఏడు వాన ఇలా ఎందుకు కొడుతోందనుకున్నావ్?" అంటూ తువ్వాలు గాల్లో గిరగిరా తిప్పాడు.

అందరం నవ్వాం. పైలీ ఒక్కడే నవ్వలేదు.

"శుడలై, ఓసారి ఒళ్లోకి చూసుకో," అన్నాడు.

కొత్త తువ్వాలు నూగంతా గౌను మీద, కోరిన కొబ్బరి చల్లినట్టు పడి ఉంది.

నాకు మనసు చివుక్కుమంది. శుడలై తువ్వాలు తీసి బల్లకింద పడేసి, పాత్తుమ్మని నీళ్లడిగి అరచెయ్యి తడుపుకుని, మెడపట్టీ నుంచి కిందికి ఒకేవైపుకి నిమరసాగాడు. టీలు చల్లారిపోయాయి. చివరికి గౌను మళ్లీ నల్లబడింది.

పైలీ దాన్ని వాకిట్లో వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి మడతపెట్టాడు.

"సోమవారం వచ్చి గౌన్ల మూట తీసుకెళ్లు. ఈ పనేదో ముందే చేసి చూపించుంటే టీ వేడిగా తాగేవాళ్లం కదయ్యా," అన్నాడు.