మాధవన్ ఫైళ్ళకు రెండు తోకలు

పళనిసామి చెప్పేదాంట్లో పావు వంతే నిజమని టీకడై నడిపే అళగర్‌కి తెలుసు. అయినా ఆ రోజు అతని కడైలో కూర్చొని జయప్రియ వినక తప్పలేదు. ఎదుటి నూలు మిల్లులో పాత కంప్యూటర్లను పాత ఇనుముకు వేస్తున్నారు. చనిపోయిన ఆమె తండ్రి మాధవన్ అక్కడ రాసిన ప్రోగ్రాములు మాత్రం, పాత ఇనుము వ్యాన్ వచ్చేలోపల తీసుకోమన్నారు. ఆమె ల్యాప్‌టాప్‌కి తగిలించిన మిల్లు హార్డ్‌డిస్కు నిండా ఫైళ్ళే. వాటిలో ఆయనవి ఏవో చెప్పగలిగినవాడు, మిల్లులో ఆయనతో పనిచేసిన స్నేహితుడు పళనిసామి ఒక్కడే.

"ఫైలు పేరులో చుక్క వెనకుండే తోక చూస్తే చాలు పాపా, ఏ కంప్యూటర్ భాషో చెప్పేస్తా! నూలు చుట్టే కోన్ కొన రంగు చూసి నూలు నంబరు చెప్పిన కన్ను ఇది. మీ నాయన రాసింది మామూలు ప్రోగ్రామా? మనుషులు చదివే కథ మాదిరి రాసి, నడుమ నడుమ మెషిన్‌కి చెప్పేది పెట్టేవాడు. తలంతా దూది, పక్కన ఈ కడై టీ... ఆ మెషిన్ల సద్దు ఇప్పుడేడుండాది!"

"వ్యాన్ వచ్చేస్తుంది మామా."

"విను. ఒక తోక చూసి చెప్పినా, మేనేజర్ మెచ్చినాడు. ఆ తర్వాత ఏమైనాదో తెలుసునా? కండ్లకు గుడ్డ కట్టినారు, స్క్రీన్ తడిమి చెప్పినా!"

"అక్షరం చేతికి తగిలిందా?" అన్నాడు అళగర్.

"నాకు తగిలింది! తళవాయిపురం బస్సులో ఉండి, ఇక్కడ మాధవన్ టైప్ కొట్టే సద్దు విని 'తోక తప్పురా' అని అరిచినా, దిద్దుకొన్నాడు. ఇంకొకనాడు తోకే లేని ఫైలు. నేను తోక పెట్టినానో లేదో, కరెంటు లేకనే మిల్లంతా తిరిగి, నూలు తానుగా, బ్యాండేజీలు నేసే సత్రపట్టికి పోయి బ్యాండేజ్ గుడ్డయి కూర్చున్నాది!"

"బస్సు టికెట్ తీసినాదా?" అన్నాడు అళగర్.

జయప్రియ ల్యాప్‌టాప్ తిప్పింది. "ఈ ఫైలు పేరుకి రెండు చుక్కలుండాయి మామా. ఒక చుక్క వెనక పివై, కడాన ఎండి."

"ఎండీనా? అది జర్మనీ భాష. మీ నాయనకు రాదు. తోసెయ్!"

గేటు దగ్గర వ్యాన్ హారన్ కొట్టింది. జయప్రియ ఫైలు తెరిచి చదివింది: "నూలు తెగితే మెషిన్‌ని తిట్టవద్దు. ముందు గదిలో తేమ చూడు."

"నాయన మాటే ఇది. కోన్ కొన చూసినట్టు చివర మాత్రం చూసినారు మామా. ఎండి అంటే మనిషి చదివే రాత ఉండాదని. భాష దాని ముందర తోకలో ఉండాది, పివై అంటే పైథాన్." రెండు తోకలున్నవన్నీ ఏరి తన ల్యాప్‌టాప్‌లోకి లాక్కుంది.

అళగర్ గ్లాసు కింద పెట్టాడు. "పళనిసామీ, అన్నాళ్ళు మాధవన్ పక్కనే కూర్చున్నావు గదా. ఒక్కటైనా తెరిచి చదివినావా?"

పళనిసామి బెంచీ మీద జరిగి ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చాడు.

"ఇంకొంచెం చదువు పాపా," అన్నాడు.