చేప పొడుగు

పెళ్లి అయిపోయింది, రిసెప్షన్‌కి ఇంకా బోలెడు పొద్దుంది. చుట్టాలంతా హాల్లో ఆవులిస్తుంటే, పెళ్లికూతురి తండ్రి వచ్చి తన బాబాయి పక్కన కూలబడ్డాడు.

“బాబాయ్, కొత్త జంటని ఫొటోలకని తీసుకెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు. వియ్యాలవారు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు.”

“కాఫీలిచ్చావా?”

“రెండుసార్లు ఇచ్చాను. ఫ్యాన్లు కూడా వాళ్లవైపే తిప్పించాను. అమ్మాయి వచ్చేసరికి ఖాళీ కుర్చీలు కనిపిస్తే దాని మొహం నేను చూడలేను.”

“అయ్యో పాపం.”

“నువ్వొక కథ చెప్పి వాళ్లని కూర్చోబెట్టు, బాబాయ్.”

“కోతలు కోసి వియ్యాలవారి ముందు పరువు తీయొద్దని పొద్దున ఒట్టు వేయించుకున్నదెవడురా? నోరు కట్టుకుని కూర్చుని నా దవడలు పట్టేశాయి.”

“ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. నువ్వు పట్టిన చేప కథ ఎత్తుకో.”

“అంత చేప ఎక్కడా ఉండదని చిన్నప్పటినుంచీ నువ్వేగా గోల?”

“ఉంటుంది బాబాయ్, ఉంటుంది! అదిగో, వియ్యంకుడు చెప్పులు వేసేసుకున్నాడు!”

ముసలాయన చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచాడు.

“సరే, ఈసారి చేప ఎంత పొడుగుందని చెప్పమంటావు?”

“అమ్మాయి వచ్చేదాకా సరిపోయేంత.”