సీటు కింద జిగురు

పరీక్షల భవనంలో సందర్శకుల గది. అంతరిక్ష నౌకకి సీటు కుట్టిన మామగారు. నౌకలో పెట్టే వస్తువుల నుంచి వెలువడే వాయువుల్ని కొలిచే కోడలు.

“కోడలు పెట్టిన పరీక్షలో మామ తప్పడమా!”

“మీరు కాదు మామయ్యా, స్పాంజి కింద జిగురు తప్పింది. అయినా అది మీదని నాకు తెలీదు. ముక్కలకి నంబర్లే ఉంటాయి.”

“కుట్టు చూశావా? ఒక్క పోగైనా లేచిందా?”

“కుట్టు బంగారం. జిగురే...”

“ఏవుందమ్మా జిగురులో? ఆరాక వాసనే రాదు.”

“ముక్కుకి తెలీదు. ఆ ముక్కని పెట్టెలో బిగించి, యాభై డిగ్రీల వేడిలో మూడు రోజులుంచాం. లోపలి గాలిలో జిగురు వదిలిన వాయువు కొలిస్తే, ఉండాల్సినదానికి నాలుగింతలుంది.”

“నాలుగింతలేగా. కొంచెం అటూ ఇటూ చేసి...”

“మామయ్యా.”

“సరే, సరే. నేననలేదు, నువ్వు వినలేదు.”

“నౌకలో కూర్చునేవాళ్ళు కిటికీ తెరుచుకోలేరు. వదిలిన గాలే మళ్ళీ పీల్చాలి, రెండు వారాలు.”

“నేను పాతికేళ్ళుగా పీలుస్తున్నా. దుక్కలా లేనూ?”

“మీ షెడ్డుకి కిటికీలున్నాయి కాబట్టి.”

“ఉన్నాయి... ఈ సీటు మీద దుమ్ము పడకూడదన్నారని మూసేశాం. సందుల్లో టేపు కూడా వేశాం.”

“ఎన్నాళ్ళైంది?”

“మూడు నెలలు... మూడు దాటింది.”

“అయ్యో! ఆరిన ముక్కే ఇంత వదిలితే, పచ్చి జిగురు మాటేంటి? తల తిరుగుతోందా మీకు?”

“నాకా? నాకేం లేదు.”

“మరెవరికి?”

“అది వేరే సంగతిలే. తర్వాత చెప్తా.”

“ఇవాళ్టినుంచి మీరా డబ్బా ముట్టుకోవద్దు.”

“నేను ముట్టుకుంటే కదా! చూపు ఆనట్లేదని, రాసే పని అమ్మాయికిచ్చా.”

“వదినకా?”

“ఆకాశంలోకెళ్ళే సీటు నాన్నా, నేనే రాస్తానని పట్టుబట్టింది. పొద్దున్న తలుపేసుకుంటే సాయంత్రమే.”

“ఇప్పుడూ లోపలే ఉందా? ఫోన్ చెయ్యండి. చెయ్యండి మామయ్యా!”

“చేస్తున్నా... ఎత్తట్లేదు. చేతులకి జిగురుంటే ఎత్తదు.”

“మళ్ళీ చెయ్యండి. తల తిరుగుతోంది వదినకేనా?”

“ఆఁ.”

“వాంతులు?”

“అవుతున్నాయి. డాక్టరమ్మ చూసింది.”

“జిగురు పని చేస్తోందని ఆవిడకి చెప్పారా?”

“ఎందుకు చెప్తామమ్మా? ఆవిడ నవ్వుతూ, మూడో నెలంది. ఆ కబురు నీకు నా నోటితో చెప్దామనే ఇంత దూరం వచ్చా.”