వరద నాటి నలభై చుక్కలు

మలేరియా వర్కరు చెంచురామయ్య ఇన్నయ్య చాయ్ కొట్టు దగ్గర నోరు విప్పాడంటే గ్లాసులో చాయ్ చల్లారాల్సిందే. నాగక్క చాయ్ కోసం రాలేదు. వాగవతల గూడెంలో ఆమె బిడ్డకు రోజు విడిచి రోజు చలిజ్వరం. వేలు గుచ్చి, చుక్క రక్తం గాజుముక్క మీద రాసి పరీక్షకు పంపితేనే అదేం జ్వరమో తేలుతుంది. ఆ గుచ్చే మనిషి ఈయనే.

“జర ఆగు నాగక్కా, వస్త. పోయినేడు పట్నం డాక్టర్లు జీపుల దిగిన్రు గద! ఒకాయన పాత గోలీకి మలేరియా లొంగుతలేదంటడు, ఇంకొకాయన లొంగుతది, జనమే సక్కగ మింగుతలేరంటడు. ఒకటే లొల్లి! ఆఖరుకి సగం గూడేలకు పాతది, సగానికి కొత్తది ఇచ్చి రక్తం చూద్దామన్నరు. మీ గూడేనికి పాతది. పని నా చేతుల పెట్టిన్రు.”

“పెట్టక ఏం జేస్తరు, నీ అంత మొనగాడు ఏడ దొరుకుతడు!” అన్నాడు ఇన్నయ్య, చాయ్ వడపోస్తూ.

“అవ్! సరిగ్గ రక్తం తీసే నాడే గోదారి పొంగె. వాగుల తాటిచెట్టు లోతు నీళ్లు. పెట్టె నెత్తిన పెట్టుకోని ఈదిన. నడిమిట్ల మొసలి అడ్డమొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వేలు గూడ గుచ్చిన!”

“మొసలికి వేలేడిదయ్యా?” అన్నాడు ఇన్నయ్య.

“ఉన్నకాడ గుచ్చిన! ఒడ్డెక్కితె దోమలు మబ్బు లెక్క కమ్మినయి. నన్ను కుట్టినయి కుట్టినట్టె చలిజ్వరమొచ్చి రాలినయి! పొద్దు గూకకముందే ఇంటింటికి తిరిగి నలభై మందికి గుచ్చిన. నలభైల ఒక్క దాంట్ల గూడ మలేరియా పురుగు లేదు! పాత గోలీయే గెలిసింది, లొల్లి బంద్! పెద్ద డాక్టరు నా చెయ్యి పట్టుకోని కండ్లనీళ్లు పెట్టుకున్నడు.”

ఏడాదిగా గూడేనికి ఆ పాత గోలీలే ఎందుకొస్తున్నాయో, బిడ్డ ఎన్ని మింగినా జ్వరం ఎందుకు తిరగబెడుతోందో నాగక్కకు ఇప్పుడు అర్థమైంది.

“సారూ, వరద నాడు మేమంత పిల్లాజెల్లతోని భద్రాచలం బడిల ఉంటిమి. గూడెంల కుక్క గూడ లేదు. నలభై చుక్కలు ఎవలియి?”

అందరి చూపూ చెంచురామయ్య ఎడమచేతి వేళ్ల మీద పడింది. ఆయన మెల్లగా పిడికిలి బిగించాడు.

నాగక్క ఆయన సంచి తెచ్చి ఒళ్లో పెట్టింది.

“నీ రక్తం మంచిగుందని నలభైసార్లు తేలింది. ఇగ లే. వాగుల మోకాళ్లబంటి నీళ్లే ఉన్నయి. మొసలి వస్తే నేను జూసుకుంట. నువ్వు నా బిడ్డ వేలు గుచ్చు.”