మూడో మలుపులో పోయిన బ్రేకులు

గేర్ల మామ మాట మొదలెడితే వాలులో వదిలిన బండే. గేర్లు మార్చినంత సులువుగా మాట మారుస్తాడని ఆయనకి ఆ పేరు.

ఆ పొద్దున టీకొట్టు బల్లల మీద నలుగురే ఉన్నారు. మామ, పక్కన అత్త, ఎదురుగా లెక్కల టీచరు, ఆ చివర మెకానిక్. టీచరు వచ్చింది మెకానిక్ కోసమే. టీచరు వాళ్ల నాన్న వదిలి వెళ్లిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఇంట్లో దుమ్ము కొట్టుకుపోతోంది. బాగుచేయించి నడపాలా, తుక్కుకి వేసెయ్యాలా అన్నది ఆవిడ తేల్చుకోలేకపోతోంది. అలాంటిదే మరో ముసలి కారున్న మామని ఒక్క మాట అడిగింది.

"ఈ మెకానిక్ పని ఎలా ఉంటుందండీ?"

మెకానిక్ గుండె కుదుటపడింది. అందరూ అద్దాల షోరూముల వెంట పడ్డప్పుడు కూడా తన షెడ్డు వదలని మనిషి మామ. ఆ విశ్వాసంతోనే మామ ఎన్ని కోతలు కోసినా తను కిమ్మనడు. ఇప్పుడు మామ ఒక్క మంచి మాట అంటే చాలు, ఆ కారు తుక్కుకి పోకుండా బతుకుతుంది.

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు గానీ అమ్మా," అని మొదలెట్టాడు మామ, "మొన్న కొండ దిగుతున్నాం. మూడో మలుపు. స్టీరింగు మీద నేను. తిరగ్గానే దారికడ్డంగా ఏనుగంత బండరాయి. బ్రేకు తొక్కితే కాలు అడుక్కి అంటుకుంది. బ్రేకు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మెకానిక్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నెల కిందటే ఆ బండి బ్రేకు ఆయిలు మొత్తం తీసేసి కొత్తది పోశాడు. పైకి నిగనిగలాడుతూ లోపల గట్టిపడ్డ రబ్బరు గొట్టాలన్నీ మార్చాడు. టీచరు వైపు చూశాడు. ఆవిడ చూపు అప్పటికే తన మీదుంది.

"ఏమైంది?" అంది టీచరు, మామతో.

"ఏమవుతుంది, మూడో గేరు, రెండు, ఒకటి, అదీ చాలక రివర్సు. గేరు కడ్డీ ఊడి చేతికొచ్చింది. పోతే పోయిందని తలుపు తీసి కాలు రోడ్డుకి ఆనించా. చెప్పు అరిగి పొగ లేచి, ఆ పొగ చూసి కింద ఊళ్లోవాళ్లు మబ్బు పట్టిందనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోయారట. అంతలో ఇంజను బెల్టు ఫట్‌మంది."

బెల్టు కూడానా, అనుకున్నాడు మెకానిక్. పాతది బాగానే కనిపిస్తున్నా, అయిదేళ్లు నిండాయని ముందే మార్చిన బెల్టది. మామ ఒక్కొక్కటే తెంపుకుంటూ పోతుంటే తన ఏడాది పనంతా ఆ కొండదారిలో రాలిపోతున్నట్టుంది. 'కాదు మామా' అనబోయి మింగేశాడు. పెద్దమనిషిని, అదీ అత్త ముందు, అబద్ధాలకోరని ఎలా అంటాడు?

"బెల్టు తెగితే ఇంజను ఆగిపోదా అండీ?" అంది టీచరు.

"ఇంకొకడిదైతే ఆగుతుంది. నేను బానెట్టు మీదికి పాకి, నడుముకున్న తోలు బెల్టు లాగి, తిరుగుతున్న ఇంజనుకి చుట్టి బిగించా."

"మరి స్టీరింగు ఎవరు పట్టుకున్నారు?"

"ఇన్నేళ్ల కారమ్మా, దానికి దారి తెలీదా? నేను ప్యాంటు పట్టుకున్నా, బెల్టు లేదు కదా."

టీకొట్టాయన మంట తగ్గించాడు. "రాయి సంగతేంటి మామా?"

"వస్తున్నా, తొందరెందుకు. రాయి మీదుగా ఎగిరాం. పైన పోతున్న గద్ద తల వంచుకుని మాకు దారిచ్చింది. దిగిన ఊపుకి ఎదురు కొండ ఎక్కేశాం, వెనక్కి దిగాం, మళ్లీ ఎక్కాం. చక్రాలు ఎంత వెనక్కి తిరిగాయంటే, బయల్దేరినప్పుడు అర ట్యాంకు పెట్రోలు, ఇల్లు చేరేసరికి నిండు ట్యాంకు."

టీచరు బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. "మిగతావి ఎలా ఉన్నా, ఆ బ్రేకులు పోయిన మాట నిజమేనా?" అని అత్తనడిగింది.

అత్త టీలో ముంచిన బిస్కెట్టు తాపీగా తినేసింది. "బ్రేకు తొక్కింది నేనమ్మా. బండి నేను నడుపుతున్నా, ఈయన పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్ర. రాయి ఉన్న మాట నిజమే, పొట్టేలంత. తొక్కాను, ఆగింది. రాయికీ బంపరుకీ మధ్య జానెడు. ఆ కుదుపుకి ఈయన కళ్లు తెరిచి, ఇల్లొచ్చిందా అన్నారు."

టీకొట్టాయన నవ్వాపుకోలేక అటు తిరిగిపోయాడు.

అత్త మెకానిక్ వైపు జరిగింది. "గొట్టాలు బాగానే ఉన్నాయి కదా, ఊరికే ఎందుకు మారుస్తావని నీ షెడ్డు ముందు నిలబడి నీతో పోట్లాడాను నాయనా. తప్పు నాది. ఆ మాట చెబుదామనే పొద్దున్నే వచ్చాం, ఈయన నాకు వంతు రానిస్తే కదా. ఆ జానెడూ నీ చలవే. ఇవాళ ఇద్దరం కూర్చుని టీ తాగుతున్నాం."

మెకానిక్ తల దించుకున్నాడు. "మార్చాల్సినవే మార్చాను అత్తా," అన్నాడు.

మామ మెడ గోక్కున్నాడు. "నేనూ అక్కడికే వస్తున్నానే. తొక్కాం, ఆగింది అంటే ఎవడు వింటాడు? అన్నీ పోయాయని చెబితే గానీ, పోకుండా చూసినవాడి గొప్ప తెలీదు. ఇతనికి దండం పెట్టడానికే అంత దూరం ఎగిరాను."

టీచరు మామని చూపిస్తూ మెకానిక్‌తో అంది: "రేపు బండి తోయించుకొస్తాను. మా నాన్న కారు గురించి ఈయన చెప్పుకోడానికి ఏమీ జరగకుండా చూడండి, చాలు."