ఎత్తని చెయ్యి

తిరుపతిలో స్మార్ట్ స్పీకర్లు తయారుచేసే చిన్న ఆఫీసు, పొద్దున్నే. యజమాని గుణశేఖర్, స్పీకర్‌ను ఎట్లా తాకితే ఏం చేయాలో నిర్ణయించే లోహిత.

“ఆ అరచెయ్యి సైగ తీసెయ్ లోహితా అని నిన్ననే చెప్పినాను గదా.”

“తీసేస్తే పంకజాక్షమ్మ ఎట్లా పిలుస్తాది సార్? పక్షవాతమొచ్చి మాట పడిపోయిన మనిషి. నోటితో పిలవలేదనే గదా ఆమె మంచం పక్కన మన స్పీకర్ పెట్టింది.”

“మూడుసార్లు తట్టమను.”

“ఏ చేత్తో తట్టమంటారు? వేళ్ళు ముడుచుకోని పోయినాయి. అరచెయ్యి ఆనించేది ఒకటే ఆమెకు చేతనయ్యేది.”

“ఆనిస్తానే ఉండాది గదమ్మా, రోజూ. ట్రయల్ గదా అని నా నంబరు పెట్టినావు. సుప్రభాతం అయిపోతానే ఆనిస్తాది, నా ఫోను గోల పెడతాది. తిరుచానూరుకు ఎన్నితూర్లు పరిగెత్తినాను? పోయి చూస్తే ఆమె నవ్వతా ఉంటాది.”

“దండం పెట్టుకుంటాది సార్. దేవుడి పాటొచ్చిన పెట్టెను తాకి కళ్ళకద్దుకోకుండా ఎట్లా ఉంటాది? మా అమ్మయినా అంతే.”

“అద్దుకోనీ. పదింటికి మదనపల్లె నుంచి కొనేవాళ్ళు వస్తా ఉండారు. వాళ్ళ ముందర ఫోను గోల పెడితే మనం మూటాముల్లె సర్దుకోవాల్సిందే.”

“నేనొక దారి చూసినాను. ఒక్క నిమిషం వినండి.”

“చెప్పు.”

“దండం పెట్టే చెయ్యి కళ్ళకద్దుకునేదానికి పైకి లేస్తాది. కష్టమొచ్చిన చెయ్యి లేవదు, ఆడే ఉంటాది. ఎత్తకుండా ఉంటేనే ఫోను మోగేట్టు మారుస్తాను. సాయంత్రానికి అయిపోతాది.”

“సాయంత్రం దాకా అక్కర్లేదులే.”

“అంటే?”

“ఏం లేదు. ముందు వచ్చేవాళ్ళ సంగతి చూడు.”

“సార్, ఈపొద్దు మీ ఫోను మోగలేదు.”

“మోగకపోతే మంచిదే గదా.”

“సుప్రభాతం ఎప్పుడో అయిపోయింది. ఎందుకు మోగలేదు?”

“ఏమో. ఆమే నేర్చుకోనుంటాది.”

“సార్.”

“ఏంది?”

“మీరేమన్నా చేసినారా?”

“...రాత్రి ఈణ్నించే ఆ ఫోను మోగేదాన్ని ఆపేసినాను. ఒక్క పూటకే. వాళ్ళు పోతానే మళ్ళీ పెడదామని.”

“ఆమెకు చెప్పినారా?”

“చెప్దామనే... అట్లా చూడొద్దు. కోడలుంటాది గదా.”

“మునిలక్ష్మి పూలమ్మేదానికి గుడికాడికి పోయుంటాది. ఈ టైములో ఇంట్లో ఎవురూ ఉండరు. అందుకే గదా సార్ పెట్టింది.”

“ఏం కాదులే. రోజూ మాదిరే దండం పెట్టుకోనుంటాది. ఆమె తాకితే నీ స్క్రీన్లో కనబడతాది గదా. తెరిచి చూడు.”

“చూస్తా ఉండా... తాకింది. పాట అయిపోతానే తాకింది.”

“చెప్తిని గదా. దండమే.”

“కారు తియ్యండి సార్. చెయ్యి ఇంకా ఎత్తలేదు.”